ఆదివార ఆరాధనలో ప్రసంగం: వాక్యపఠనం నుండి ప్రభువు బల్ల వరకు సిద్ధపాటు

"ఈ ఆదివారం వాక్యం ఎవరు చెబుతున్నారు?" అనే ప్రశ్న తెలుగు సంఘాలలో ఆరాధనకు ముందే వినిపిస్తుంది. ప్రసంగానికి మన విశ్వాసులు ఇచ్చే విలువ ఆ ప్రశ్నలోనే తెలుస్తుంది. అయితే పాటలు, పాపపు ఒప్పుకోలు, పాఠాల పఠనం, ఇతరుల కోసం చేసే విజ్ఞాపనలు ప్రసంగానికి ముందూ వెనుకా కాలక్షేపమన్నట్లు చూసే అలవాటు కూడా ఇక్కడే మొదలవుతుంది. చదివిన లేఖనాన్ని సంఘం విని, గ్రహించి, దేవునికి జవాబు చెప్పేలా తోడ్పడడమే ఆరాధనలో ప్రసంగం చేయవలసిన పని. ఆ పనిని ఎలా నెరవేర్చాలో వారం పొడవునా జరిగే సిద్ధపాటు వరుసలో ఇక్కడ వివరిస్తున్నాను. కొత్తగా సంఘ బాధ్యత తీసుకున్న కాపరులు, వేదాంత విద్యార్థులు, ఒకే పాస్టరేటు కింద అనేక గ్రామ సంఘాలు ఉన్నందున కాపరి రాలేని ఆదివారాలలో ఆరాధన నడిపించే పెద్దలు, ఉపదేశులు దీన్ని ఉపయోగించుకోవచ్చు.

మొదటి మెట్టు: ఆరాధన క్రమంలో ప్రసంగం ఎక్కడ ఉందో గుర్తించండి

సిద్ధపాటు వచనంతో కాక ఆరాధన క్రమంతో మొదలు కావాలి. ఒక కాగితం మీద మీ సంఘంలో ఆ ఆదివారం జరగబోయే ఆరాధనను మొదటి పాట నుండి దీవెన వరకు వరుసగా రాసి, ప్రసంగానికి సరిగ్గా ముందు ఏముందో, సరిగ్గా తరువాత ఏముందో గుర్తు పెట్టుకోండి. మీ ప్రసంగం మొదటి మాటనూ చివరి మాటనూ నిర్ణయించేవి ఆ రెండే.

ఈ వరుస చాలా పాతది. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ఎజ్రా కర్రతో చేసిన పీఠం మీద నిలబడి ధర్మశాస్త్రం చదివినప్పుడు, లేవీయులు జనులకు దాని భావాన్ని తెలియజెప్పారు. జనులు మొదట ఏడ్చారు, ఆ తరువాత భోజనం చేసి, ఏమీ సిద్ధం చేసుకోలేని వారికి వంతులు పంపారు. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా గ్రంథం నుండి చదివి, గ్రంథం చుట్టి, కూర్చుని, ఆ లేఖనం వారి వినికిడిలో నేడు నెరవేరిందని చెప్పాడు (లూకా 4:16-21). పునరుత్థానుడైన యేసు ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులకు ముందు లేఖనాల భావం వివరించి, తరువాత వారితో భోజనానికి కూర్చుని రొట్టె విరిచాడు. సుమారు 155వ సంవత్సరంలో రోమా నగరంలో జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థిస్తూ రాసిన గ్రంథంలో ఆదివార కూడిక వర్ణన ఉంది. అపొస్తలుల జ్ఞాపకాలను లేదా ప్రవక్తల రచనలను వీలున్నంతసేపు చదివేవారు. అధ్యక్షుడు ఆ మంచి సంగతులను అనుసరించమని హెచ్చరించేవాడు. అందరూ లేచి ప్రార్థించేవారు, రొట్టెను ద్రాక్షారసాన్ని తెచ్చేవారు, అనాథలకు విధవరాండ్రకు కానుక పోగుచేసేవారు. చదవడం, వివరించడం, ప్రార్థించడం, పంచుకోవడం అనే ఈ నడకలో వివరించడం రెండవది మాత్రమే.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1950లో ప్రకటించిన ప్రభురాత్రి భోజన క్రమంలోనూ పాఠాల తరువాత ప్రసంగం, ఆ తరువాత విశ్వాస ప్రమాణం, విజ్ఞాపనలు, సమాధానం ఇచ్చిపుచ్చుకోవడం, అర్పణ, బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) వరుసగా వస్తాయి. కతోలిక సంఘం 1963 నాటి రెండవ వాటికన్ మహాసభ ఆరాధన పత్రంలో ప్రసంగం ఆరాధనలోనే ఒక భాగమని, ప్రజలు హాజరయ్యే ఆదివారాలలో, తప్పనిసరి పండుగలలో గట్టి కారణం లేకుండా దాన్ని విడిచిపెట్టకూడదని స్పష్టంగా చెప్పింది. అనేక బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలలో పాటలు, సాక్ష్యాలు, ప్రార్థనల తరువాత ప్రసంగం దాదాపు చివర వస్తుంది కాబట్టి జవాబు చెప్పే భారమంతా ముగింపు ప్రార్థన మీద పడుతుంది. అటువంటి క్రమంలో ప్రసంగించేవారు ఆ ప్రార్థనను కూడా తమ సిద్ధపాటులో చేర్చుకోవాలి.

రెండవ మెట్టు: పాఠ్యభాగాన్ని సోమవారానికే నిర్ణయించండి

పాఠ్యభాగం ఎంచుకోవడానికి సంఘ చరిత్రలో రెండు నమ్మకమైన దారులు ఉన్నాయి. ఒకటి, ఒక గ్రంథాన్ని మొదటి నుండి చివరి వరకు వరుసగా బోధించడం. జూరిచ్‌లో సంఘ సంస్కర్త జ్వింగ్లీ 1519 జనవరి 1న మత్తయి సువార్త మొదటి అధ్యాయంతో ఇలా ప్రారంభించాడు. జెనీవా నుండి 1538లో వెళ్లగొట్టబడిన మరో సంస్కర్త కాల్విన్ 1541లో తిరిగి వచ్చినప్పుడు తనకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడకుండా, ఆగిపోయిన చోటి నుండే వాక్యభాగాన్ని అందుకున్నాడు. సొంత గొడవను ప్రసంగ వేదిక మీదికి తీసుకురాకుండా కాపాడిన ఆ క్రమశిక్షణను ఈనాటి ప్రతి కాపరీ గుర్తుంచుకోవాలని నా మనవి. రెండవది, సంఘ క్యాలెండరును అనుసరించే పఠనక్రమం. ఆగమన కాలం, క్రిస్మసు, లెంటు (శ్రమల కాలం), పునరుత్థానం, పెంతెకొస్తు వరుసలో ప్రతి ఆదివారానికి పాత నిబంధన, కీర్తన, పత్రిక, సువార్త పాఠాలు ముందే నిర్ణయమై ఉంటాయి. 1992లో ప్రచురితమై అనేక ప్రొటెస్టెంటు సంఘాలు వాడే సవరించిన ఉమ్మడి పఠనక్రమం మూడేళ్లకొకసారి తిరిగి మొదలవుతుంది.

మూడవ దారి అంశాన్ని ముందు అనుకుని వచనాన్ని తరువాత వెదకడం. ప్రత్యేక సందర్భాలలో ఇది అవసరమే గానీ, ప్రతి వారం ఇలాగే జరిగితే సంఘం ప్రసంగికునికి ఇష్టమైన పది పదిహేను వచనాలకే పరిమితమవుతుంది. వచనాన్ని దాని చోటు నుండి పెరికి తెచ్చినప్పుడు జరిగే నష్టానికి, బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలో దేవుడు మేలునూ నిరీక్షణనూ వాగ్దానం చేసే యిర్మీయా 29:11 మంచి ఉదాహరణ. నూతన సంవత్సరపు వాగ్దాన కార్డుల మీద ఆ వచనం తరచుగా కనిపిస్తుంది. దాని ముందు వచనంలో బబులోను చెర డెబ్బది సంవత్సరాలు సాగుతుందని ఉంది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దలలో అనేకులు తిరుగు ప్రయాణాన్ని కళ్లారా చూడలేదు. అంతకు ముందే, ఆ పట్టణంలో ఇళ్లు కట్టుకుని, తోటలు నాటి, దాని క్షేమం కోసం ప్రార్థించమనే ఆజ్ఞ కూడా ఉంది. ఈ సంగతులన్నీ చెప్పి ఆ వాగ్దానం బోధిస్తే అది చిన్నదైపోదు. ఉద్యోగం రాక ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్న యువకునికి సైతం నిలబడడానికి ఆధారమిచ్చేంత లోతు దానికి వస్తుంది.

మూడవ మెట్టు: వ్యాఖ్యానాలు తెరవక ముందు పాఠాన్ని చదవండి

సోమ, మంగళవారాలలో పాఠ్యభాగాన్ని బిగ్గరగా, నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు చదవండి. సంఘం దాన్ని చెవితోనే అందుకుంటుంది కాబట్టి మీకూ మొదటి పరిచయం చెవితోనే జరగాలి. పాత అనువాదంతో పాటు వాడుకభాషలో ఉన్న మరొక అనువాదాన్ని, ఇంగ్లీషు వచ్చినవారు ఇంగ్లీషు అనువాదాన్ని పక్కన పెట్టుకోండి. మాటలాడేదెవరు, ఎవరితో, ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరగబోతోంది అన్న ప్రశ్నలకు వ్యాఖ్యానం సహాయం లేకుండా జవాబులు రాయండి. మీకు అర్థం కానిదాన్నీ, మీకు ఇబ్బంది కలిగించినదాన్నీ ప్రత్యేకంగా రాసుకోండి. వినేవారికీ తరచుగా అక్కడే అడ్డు తగులుతుంది.

లూకా 18:9-14, అంటే పరిసయ్యుడు, సుంకరి ఉపమానాన్ని తీసుకుని ఈ పనిని చేసి చూద్దాం. అందులో ప్రార్థించడానికి దేవాలయానికి వెళ్లిన ఇద్దరిలో, ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడు తన మంచితనాన్ని దేవునికి చెప్పుకుంటాడు; సుంకం వసూలు చేసే సుంకరి దూరంగా నిలబడి, పాపినైన తనను కరుణించమని మాత్రమే వేడుకుంటాడు.

తామే నీతిమంతులని తమ్మును నమ్ముకొని ఇతరులను తృణీకరించే కొందరితో ఈ ఉపమానం చెప్పాడని 9వ వచనమే వివరిస్తుంది. కథ మొదలు కాకముందే సువార్తికుడు వినేవారెవరో చెప్పేశాడు. దీన్ని దాటవేసి నేరుగా 10వ వచనానికి వెళ్లే ప్రసంగాలు ఉపమానపు గురిని పోగొట్టుకుంటాయి. తరువాత పరిసయ్యుని ప్రార్థనను గమనించండి. ధర్మశాస్త్రం ఉపవాసాన్ని ఆజ్ఞాపించినది ప్రాయశ్చిత్త దినానికే. అతడు వారానికి రెండుసార్లు ఉపవసిస్తున్నాడు. సంపాదన అంతటిలో పదియవ వంతు ఇస్తున్నాడు. మన సంఘాలలో ఇటువంటి మనిషి ఉంటే కమిటీలో పెద్దగా ఎన్నుకుంటాము. సుంకరి సంగతి వేరు. సుంకం వసూలు హక్కును సొమ్ము కట్టి దక్కించుకుని, ఆపై ప్రజల నుండి అధికంగా రాబట్టుకునే అవకాశమున్న వ్యవస్థలో అతడు పనిచేస్తున్నాడు. అతని వల్ల నష్టపోయినవారు నిజంగానే ఉండి ఉంటారు. యేసు మాట విన్న మొదటి శ్రోతలకు నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లినవాడు సుంకరి అన్న తీర్పు ఎంత కఠినంగా తోచి ఉంటుందో ఇక్కడ అర్థమవుతుంది.

ఇప్పుడు చుట్టుపక్కల చూడండి. వెంటనే తరువాత చిన్నబిడ్డలను ఎత్తుకుని వస్తారు, శిష్యులు గద్దిస్తారు. ఆజ్ఞలన్నీ బాల్యం నుండి పాటించానన్న అధికారి దుఃఖపడి నిలిచిపోతాడు. యెరికో దారి పక్కన కూర్చున్న గుడ్డివాడు తనను కరుణించమని కేకవేస్తాడు. ఆ కేక సుంకరి ప్రార్థనకు చాలా దగ్గరగా ఉంది. తరువాత 19వ అధ్యాయంలో జక్కయ్య వస్తాడు, అతడు సుంకపు గుత్తదారుడు. ఉపమానంలోని సుంకరి ఇంటికి వెళ్లాక ఏం చేశాడో కథ చెప్పలేదు. జక్కయ్య మాత్రం అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానంటాడు. కనికరం పొందినవాడు బాధితులకు బాకీపడినదాన్ని మరచిపోడని ఈ అధ్యాయాలను కలిపి చదివితే తెలుస్తుంది. ఇంత సంపద వరుసగా చదవడం వల్లే దొరుకుతుంది.

బుధవారం వ్యాఖ్యానాలు తెరవండి. మీరు రాసుకున్న ప్రశ్నలకు జవాబులు వెదకడానికీ, మీ పొరపాట్లు సరిచూసుకోవడానికీ అవి ఉపయోగపడతాయి. ఇంటర్నెట్‌లో దొరికే మరొకరి ప్రసంగాన్ని ఆ దశలో కూడా వినవద్దని నా సలహా. ఒకసారి విన్న తరువాత ఆ విభజన, ఆ ఉదాహరణలు మనసులో నుండి పోవు, మీ సంఘాన్ని ఎన్నడూ చూడని వ్యక్తి మీ సంఘానికి బోధించినట్లవుతుంది.

నాలుగవ మెట్టు: ఒకే వాక్యం రాయండి

ఈ పాఠ్యభాగం ఏమి చెబుతోందో ఒకే పూర్తి వాక్యంలో రాయండి. "ప్రార్థన", "దీనత్వం" వంటి ఒంటి మాటలు చాలవు. పై ఉపమానానికి నేనైతే ఇలా రాస్తాను: "తన మంచితనాన్ని ఆధారంగా చూపేవాడిని కాక, దేవుని కనికరం తప్ప మరే ఆధారం లేనివాడిని దేవుడు నీతిమంతునిగా తీర్చి ఇంటికి పంపుతాడు." వ్యాకరణపరంగా ఈ వాక్యానికి కర్త ఎవరో చూసుకోండి. కర్త దేవుడైతే మీరు సువార్త ప్రకటించబోతున్నారు. కర్త ఎప్పుడూ "మనం" అయి, క్రియ ఎప్పుడూ "చేయాలి" అయితే ఆ ప్రసంగం నీతిబోధగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

దాని కిందనే రెండవ వాక్యం రాయండి: ఇది విన్న సంఘం, క్రమంలో తరువాత వచ్చే భాగంలో ఏమి చేయగలగాలి? విజ్ఞాపనలు ఉంటే ఎవరి కోసం ప్రార్థించాలి, ప్రభువు బల్ల ఉంటే ఏ మనసుతో చేయి చాపాలి అన్నది అక్కడే తేలుతుంది. ఈ ఉపమానం తరువాత బల్ల ఉన్న ఆదివారమైతే సుంకరి ప్రార్థనే సంఘం నోట ఉండాలి.

ఐదవ మెట్టు: వినేవారిని పేరుపేరునా తలచుకోండి

గురువారం, సంఘ సభ్యులు కూర్చునే వరుసలను మనసులో చూస్తూ ప్రార్థించండి. పొద్దున్నే వంట ముగించి వచ్చిన తల్లులు, వారమంతా కూలికి వెళ్లినవారు, పోటీ పరీక్షలకు చదివేవారు, గల్ఫ్‌లో ఉన్న భర్త ఫోను కోసం ఎదురుచూసే ఇల్లాలు, మొదటిసారి స్నేహితునితో వచ్చిన అన్యమత యువకుడు, చదవడం రాకపోయినా పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను చరణాలతో సహా పాడగలిగే పెద్దావిడ మీ ముందు ఉంటారు. ఆ కీర్తనలు రాసిన చౌదరి గారు 1803లో పుట్టి 1890లో మరణించారు. మన గ్రామ సంఘాలు తరతరాలుగా వేదాంతాన్ని పుస్తకాల కన్నా ముందు ఆ పాటల ద్వారానే నేర్చుకున్నాయి. మీ పాఠ్యభాగానికి సరిపోయే కీర్తన ఉంటే ప్రసంగంలో ప్రస్తావించి, ప్రసంగం తరువాత పాడించండి. వినేవారు ఎరిగినదానితో వినబోయేదాన్ని కలపడానికి ఇంతకన్నా సహజమైన దారి లేదు.

సుంకరి ఉపమానాన్ని ఎలా అన్వయించాలన్నది ఈ మెట్టులోనే తేలుతుంది. పరిసయ్యుణ్ణి ఎగతాళి చేస్తే వినేవారందరూ "దేవా, మేము ఆ పరిసయ్యునివలె లేనందుకు స్తోత్రం" అనుకుంటూ ఇంటికి వెళతారు. ఉపమానం వారిని పట్టుకోకుండానే జారిపోతుంది. అందువల్ల పరిసయ్యుణ్ణి గౌరవంగా, మనలోని శ్రద్ధగల విశ్వాసిగా చూపించాలి. ఇతరులను తృణీకరించడం అన్న మాటకు మన నేలలో కులం పేరుతో జరిగే దూరం కూడా అర్థమవుతుందని చెప్పకుండా దాటవేయకూడదు. ఒకే బల్ల దగ్గర మోకరించి, పెళ్లి సంబంధాల దగ్గర విడిపోయే సంఘానికి 9వ వచనం నేరుగా వర్తిస్తుంది.

ఆరవ మెట్టు: రాయండి, చెవితో దిద్దండి

శుక్రవారం ప్రసంగాన్ని పూర్తి వాక్యాలలో రాయండి. వేదిక మీద చదివేందుకు కాకపోయినా, ఆలోచన ఎక్కడ తెగిపోతోందో రాతలోనే బయటపడుతుంది. మూడు శీర్షికలు, మూడింటికీ ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు అన్న పద్ధతి మన దగ్గర బాగా అలవాటైంది. పాఠ్యభాగమే మూడుగా విడిపోతే సరే. ఉపమానం వంటి కథను మాత్రం కథ నడకలోనే చెప్పడం మేలు: ఇద్దరు వెళ్లారు, ఇద్దరు ప్రార్థించారు, ఇద్దరు తిరిగి వెళ్లారు, కానీ తీర్పు తారుమారైంది.

ఉదాహరణలు తక్కువగా, నిజమైనవిగా ఉండాలి. సంఘ సభ్యులు కాపరితో ఆంతరంగికంగా చెప్పుకున్న సంగతులను పేరు మార్చి కూడా వాడకూడదు. చిన్న ఊరిలో పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగడు. పొరుగువారి దేవుళ్లను, ఆచారాలను కించపరిచే మాటలు ప్రసంగంలో అసలే వద్దు. ఏథెన్సులో పౌలు అక్కడి బలిపీఠాన్నీ అక్కడి కవుల మాటనూ ఆధారం చేసుకుని మాట్లాడాడు (అపొ. కార్య. 17:22-28). ఫలానా రోజుకు స్వస్థత వస్తుందని, కానుక ఇస్తే అప్పు తీరుతుందని మాట ఇవ్వడం దేవుడు ఇవ్వని వాగ్దానాన్ని ఆయన పేరట ఇవ్వడమే. అది నెరవేరనప్పుడు దెబ్బతినేది రోగి విశ్వాసం.

భాష విషయంలో, లేఖనాన్ని గ్రాంథికంలో చదివినా వివరణ మీ ఊరి మాటలో సాగాలి. నీతిమంతునిగా తీర్చబడడం, ప్రాయశ్చిత్తం, పరిశుద్ధపరచబడడం వంటి మాటలను వదిలేయక, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో విడమరచి చెప్పండి. తరువాత మొత్తం ప్రసంగాన్ని ఇంట్లో ఒకరి ముందు బిగ్గరగా చదివి, ఊపిరి అందని వాక్యాలను విరిచేయండి.

నిడివి గురించి సంఘాల మధ్య పెద్ద తేడా ఉంది. పోప్ ఫ్రాన్సిస్ 2024 జూన్‌లో ప్రసంగం ఎనిమిది నిమిషాలు మించకూడదని గురువులకు చెప్పారు. మన పెంతెకొస్తు సంఘాలలో గంట ప్రసంగం సాధారణమే. త్రోయలో పౌలు అర్ధరాత్రి వరకు మాట్లాడుతుంటే ఐతుకు అనే యువకుడు నిద్రమత్తులో మూడవ అంతస్తు కిటికీ నుండి పడిపోయాడు. బల్ల ఉన్న ఆదివారం ఇరవై నిమిషాలు, లేని ఆదివారం ముప్ఫై నిమిషాలు మన సంఘాలకు తగిన కొలత అని నా అభిప్రాయం. ప్రసంగం నిడివి పెరిగి విజ్ఞాపనలను రెండు వాక్యాలకు కుదించవలసి వస్తే, సంఘం జవాబు చెప్పే సమయాన్ని ప్రసంగికుడు తీసేసుకున్నట్లే.

ఏడవ మెట్టు: ఆదివారం

పాఠాలు చదివేవారికి కనీసం శనివారానికే వచనాలు అందజేయండి. పఠనం తడబడితే ప్రసంగం ఆధారం లేకుండా మొదలవుతుంది. మైకును ముందే సరిచూసి, ప్రతిధ్వని ఎక్కువగా ఉన్న పాత రాతి దేవాలయాలలో వేగం తగ్గించండి. పాఠం ఇప్పుడే చదివారు కాబట్టి చాలాసేపు సాగే వందనాలు, పరిచయాలు లేకుండా నేరుగా దానిలోకి ప్రవేశించండి. ఆలోచన ఆగిన ప్రతిచోటా "హల్లెలూయ చెప్పండి" అని అడగవలసిన అవసరం లేదు. నాలుగవ శతాబ్దంలో తన ప్రసంగాలకు జనం చప్పట్లు కొడుతుంటే పేరుపొందిన ప్రసంగికుడు యోహాను క్రిసొస్తొము బాధపడి, ఆ మెప్పు ఇంటికి వెళ్లేసరికి ఆరిపోతుందని, తనకు కావలసింది విన్నదాన్ని చేయడమని వారిని వేడుకున్నాడు. మాటల మధ్య నిశ్శబ్దానికి భయపడకండి, ఆ కాసేపట్లోనే చాలామంది తమను తాము చూసుకుంటారు.

చివరి వాక్యం తరువాతి భాగానికి దారి తీయాలి. ఉదాహరణకు, "ఆ సుంకరి దూరంగా నిలబడి చేసిన ప్రార్థనను మనం ఇప్పుడు కలిసి చేద్దాం" అని చెప్పి ఆపేస్తే సంఘం సహజంగానే ప్రార్థనలోకి వెళుతుంది. ప్రసంగాన్ని ముగింపు ప్రార్థనలో మరొకసారి మొదటి నుండి చెప్పే అలవాటును మానుకోవాలి. ప్రార్థనలో మనం మాట్లాడేది దేవునితో.

ఎనిమిదవ మెట్టు: ఆరాధన ముగిసిన తరువాత

గుమ్మం దగ్గర "మంచి వాక్యం, అయ్యగారూ" అన్న మాటతో తృప్తిపడకండి. వారం మధ్యలో జరిగే గృహ కూడికలో అదే పాఠ్యభాగాన్ని మళ్లీ చదివించి, ఆదివారం ఏమి విన్నారో, ఏది అర్థం కాలేదో ఒక పెద్దవారినీ ఒక యువతినీ ఒక యువకుణ్ణీ అడగండి. వారు చెప్పినది మీరు నాలుగవ మెట్టులో రాసిన వాక్యానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. చాలా దూరంగా ఉంటే రెండు కారణాలలో ఒకటి ఉంటుంది: ఆ వాక్యం మీకే స్పష్టంగా లేదు, లేదా ఉదాహరణ దాన్ని మింగేసింది.

ప్రతి ఆదివారపు పాఠ్యభాగాన్ని, ఆ ఒక్క వాక్యాన్ని, పాడిన కీర్తనను ఒక నోటుపుస్తకంలో తేదీతో రాసి ఉంచండి. ఏడాది చివర దాన్ని తిరగేసి, సంఘం వినని గ్రంథాలు ఏవో గుర్తించి, వచ్చే ఏడాది వరుసలో వాటికి ముందు చోటివ్వండి. విలాపవాక్యములు, హబక్కూకు, యాకోబు పత్రిక వంటివి చాలా సంఘాలలో ఆ జాబితాలో కనిపిస్తాయి. కాపరి బదిలీ అయినప్పుడు ఆ పుస్తకాన్ని తరువాత వచ్చేవారికి అప్పగిస్తే, సంఘం ఇంతవరకు ఏమి విందో వారికి మొదటి రోజునే తెలుస్తుంది.